కొలతకు వచ్చిన బెజ్జము

శంకర్‌పల్లి ప్రాంతమున ఎడ్లబండ్లు విస్తారముగా తిరిగిన దినములలో చక్రము చేయు వడ్రంగికి గౌరవము మెండు. చక్రపు నడుమ నుండు కుండకు బెజ్జము వేసి, అందులో ఇనుప గొట్టమును దిగగొట్టి, ఇరుసును దూర్చుట అతని పనిలో కడపటి ఘట్టము. బెజ్జము ఇరుకైనచో చక్రము తిరుగదు. తిరిగినను ఒరసికొని వేడెక్కును. వదులైనచో బండి ఊగులాడును, మూటలు జారును, ఎడ్ల మెడలు కమలిపోవును. ఇరుకునకును వదులునకును నడుమ గల ఆ మేరను వడ్రంగి తన చేతితో తెలిసికొనెడివాడు. చక్రమును ఒక్కమారు త్రిప్పి, చెవియొగ్గి వినెడివాడు. చప్పుడు నచ్చనిచో మరల విప్పెడివాడు. మిగిలిన లోపమును కందెన కప్పిపుచ్చెడిది. ఎద్దు నడకకు ఆ పాటి సరిపోయెడిది.

వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో పడిన రైలుమార్గము శంకర్‌పల్లి మీదుగానే పోవుచున్నది. ఆ ఊరికి సమీపమున నున్న ఎద్దుమైలారములో 1984లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారము వెలసినది. 'శరత్' అను పేరుగల యుద్ధవాహనములు, ఇనుప చక్రములకు బదులు ఉక్కుపట్టాలను తామే పరచుకొనుచు నడచునవి, అచట తయారగుచున్నవి. 2021లో ఆ కర్మాగారము ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థలో చేరినది. శంకర్‌పల్లి మండలములోనే కొండకల్ గ్రామమున 2023 జూన్‌లో రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది. యుద్ధవాహనమైనను, రైలుపెట్టె యైనను వేలకొలది ఇనుపముక్కల కూర్పే గదా! ఒక ముక్కలోని బెజ్జమున మరియొక ముక్కలోని చీల దూరవలెను. దూరిన పిమ్మట కదలరాని చోట కదలరాదు, తిరుగవలసిన చోట తిరుగవలెను. ఎద్దు నడకకు సరిపోయిన కొలత ఈ వాహనముల వేగమునకు సరిపోదు.

బెజ్జము వేయుట సులభమని చాలమంది తలంపు. డ్రిల్లింగు యంత్రమునకు డ్రిల్లును తగిలించి, పిడిని క్రిందికి వంచినచో ఇనుములో బెజ్జము పడును. నిజమే, కాని అట్లు పడినది బెజ్జము మాత్రమే. అది చెప్పిన కొలతకు వచ్చినదని అనుకొనుట పొరపాటు. డ్రిల్లు మొనకు రెండే అంచులు గలవు. ఆ రెండంచులు నడుమ కలియుచోట చిన్న ఉలివంటి గీత యుండును. ఆ గీత లోహమును కోయదు. నలిపి ప్రక్కకు నెట్టును. అందువలన డ్రిల్లు తొలుత కొంత తడబడి, మెత్తనైన వైపునకు ఒరగును. సానబట్టినవాని అజాగ్రత్తచేత ఒక అంచు పొడుగై, మరియొకటి పొట్టిదైనచో బెజ్జము డ్రిల్లు కంటె పెద్దదగును. 10 మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేసిన బెజ్జమును కొలిచి చూచినచో 10.1 ఉండుట విశేషము కాదు. లోపలి గోడపై డ్రిల్లు తిరిగిన జాడలు మెలికలుగా నిలిచియుండును. వ్రేలితో తడిమినను గరుకు తెలియును.

అన్ని బెజ్జములకు ఇది దోషమని అనరాదు. 10 మిల్లీమీటర్ల బోల్టు దూరుటకు 11 మిల్లీమీటర్ల బెజ్జము వేయుదురు. బోల్టు రెండు పలకలను బిగించిపట్టును గాని వాటి స్థానమును నిర్ణయింపదు. అట్టి బెజ్జమును నునుపు చేయుట కూలి దండుగ. కాని రెండు పలకలు ఎన్నిమారులు విప్పి బిగించినను వెంట్రుకవాసి తేడా లేక ఒకే చోటికి రావలెనన్నచో, బోల్టులతో పాటు రెండు నున్నని ఉక్కు చీలలు కావలెను. వానిని 'డోవెల్' అందురు. ఆ చీలలు దూరు బెజ్జములకు మాత్రము డ్రిల్లు చాలదు. అచట రీమరు కావలెను.

రీమరు అను మాటకు తెలుగున ఒక చక్కని సమాసమును కల్పించుట కష్టము కాదు. కల్పించినను దానిని కర్మశాలలో ఎవరును పలుకరు. పనివారు రీమరు అనియే పిలుచుచున్నారు. వారు పిలిచినదే దానికి పేరు.

చూచుటకు రీమరు నిలువు గాడులు గల నున్నని ఉక్కుకడ్డీ. దాని చుట్టు 6 గాని, 8 గాని అంచులుండును. చేతితో త్రిప్పు రీమరునకు తలపై నలుపలకల కొన యుండును. దానికి పిడికట్టె తగిలించి రెండు చేతులతో త్రిప్పుదురు. దాని మొన కొంచెము సన్నగిలియుండుట వలన బెజ్జములోనికి తడబడక ప్రవేశించును. యంత్రమునకు తగిలించు రీమరు మొన సన్నగిలదు. కొన యందు మాత్రము ఏటవాలుగా చెక్కబడి యుండును, కోత అంతయు అచటనే జరుగును. కొన్నిటి గాడులు నిటారుగాను, కొన్నిటివి ఎడమవైపునకు మెలి తిరిగియు నుండును. ఎడమ మెలిక యున్నచో రీమరు తనంతట తాను లోనికి దూసికొనిపోదు. రజను కూడ ముందునకు నెట్టబడును.

మంచి రీమరునందు అంచుల నడుమ ఎడము సమానముగ నుండదు. ఇది తయారుచేసినవాని తప్పు కాదు. ఎడము సమానమైనచో ఒక అంచు చేసిన గుంటలోనే తరువాతి అంచు పడును. దానిలోనే మూడవదియు పడును. అంతట పనిముట్టు కీచుమని వణకి, గోడపై అలల వంటి గీతలు పెట్టును. ఎడములు కొద్దిగా మార్చినచో ఆ వణకు సాగదు. అయినను అంచుల సంఖ్య సరిసంఖ్యగనే యుంచి, ఎదురెదురు అంచులను మైక్రోమీటరుతో కొలుచుటకు వీలు కల్పింతురు.

రీమరు తీయు లోహము అత్యల్పము. 10 మిల్లీమీటర్ల బెజ్జము కావలసినచో ముందు 9.7 లేక 9.8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేయుదురు. మిగిలిన పొరను రీమరు గీకి తీయును. ఈ మిగులును నిర్ణయించుటలోనే పనివాని తెలివి బయటపడును. ఎక్కువ విడిచినచో గాడులలో రజను క్రిక్కిరిసి గోడను చీరును. మరీ తక్కువ విడిచినచో అంచులకు కోయుటకు ఏమియు చిక్కదు. అవి లోహమును రుద్దుచు మొద్దుబారును. పొదుపు అని తలచి తక్కువ విడిచినవాడు రీమరును పోగొట్టుకొనును. వేగము విషయమును అట్టిదే. అదే కొలత గల డ్రిల్లు తిరుగు వేగములో సగము గాని, మూడవ వంతు గాని రీమరునకు చాలును. లోనికి దింపుట మాత్రము డ్రిల్లు కంటె చురుకుగా నుండవలెను. ఉక్కుపై కోత నూనె ధారాళముగా పోయుదురు. అల్యూమినియమునకు కిరసనాయిలు మేలు. పోత ఇనుమును పొడిగనే కోయుదురు.

ఇంతటి నేర్పు గల పనిముట్టునకు ఒక లోపము కలదు. అది ఉన్న బెజ్జమును అనుసరించును. బెజ్జము వంకరగా పడినచో రీమరు ఆ వంకరను నున్నగా చేయును. చోటు తప్పి పడినచో ఆ తప్పిన చోటనే చక్కని కొలత నిచ్చును. దిక్కును సరిచేయుటకు బోరింగు అను వేరొక పద్ధతి కావలెను. అందులో ఒకే అంచు గల పనిముట్టు ఒక గట్టి దండమునకు అమర్పబడి, తన అక్షమును తాను విడువక తిరుగును. పాత బెజ్జము ఎటు పోవుచున్నదో దానికి లెక్క లేదు.

ఈ భేదము తెలియక లోకము చాలకాలము చిక్కుపడినది. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరి యంత్రమునకు హక్కుపత్రమును పొందెను. కాగితముపై యంత్రము చక్కగ నున్నది. కాని దానికి కావలసిన పెద్ద గొట్టమును గుండ్రముగ చేయగలవారు దొరకలేదు. ఆడుదండమునకును గొట్టమునకును నడుమ ఆవిరి కారిపోయెడిది. పాతగుడ్డలు, కాగితములు కుక్కి నూనె పోసి చూచిరి, ప్రయోజనము లేకపోయెను. ఆనాటి యంత్రములలో కోత దండమును ఒక కొన యందే పట్టి యుంచెడివారు. రెండవ కొన పోతలోని వంకరను అనుసరించి వ్రేలాడెడిది. ఫిరంగుల లోపలిభాగమును తొలుచుటలో ఆరితేరిన జాన్ విల్కిన్‌సన్ ఆ దండమును గొట్టము గుండ పోనిచ్చి, రెండు కొనలను గట్టిగా ఆనించెను. 1775లో అతడు తొలిచి యిచ్చిన గొట్టముతో వాట్ కష్టము తీరినది. మరుసటి యేడు యంత్రములు పనిలోనికి దిగినవి. ఆవిరి శక్తిని గూర్చి బాలురు చదువునప్పుడు వాట్ పేరు వినబడును. బెజ్జమును గుండ్రముగ తొలిచినవాని పేరు అంతగా వినబడదు. ఇది న్యాయముగ తోచదు.

భాగ్యనగర ప్రాంతమునకు ఈ విద్య క్రొత్తది కాదు. సికింద్రాబాదులో 1943లో స్థాపింపబడిన ప్రాగా టూల్స్ సంస్థ, యంత్ర పరికరములకును, డ్రిల్లును పట్టుకొను చక్కులకును పేరొందినది. బాలానగరులో 1968లో వెలసిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ యందు నేటికిని యువకులు అచ్చులు, జిగ్గులు చేయుట నేర్చుకొనుచున్నారు. ఇప్పుడు కంప్యూటరు ఆజ్ఞలతో నడచు యంత్రములు వచ్చినవి. అవి డ్రిల్లును తామే విడిచి రీమరును తామే అందుకొనును. అయినను చిన్న కర్మశాలలలో, ఒకటి రెండు ముక్కల పనికి, నూనె మరకల చేతులే రీమరును త్రిప్పుచున్నవి.

అట్టి చిన్న కర్మశాల యొకటి శంకర్‌పల్లి ఊరి అంచున గలదు. రేకుల కప్పు, రెండు లేతులు, ఒక డ్రిల్లింగు యంత్రము, ఒక పొడవైన బల్ల. దాని పెద్దను అందరును 'ఉస్తాద్' అందురు. అతని యొద్ద పని నేర్చుకొనుచున్న కుర్రవాడు చక్రములు చేసిన వడ్రంగి మనుమడు. ఫిట్టరు విద్యలో రెండేండ్లు పూర్తిచేసి వచ్చినవాడు.

ఒక వైశాఖ మాసపు మధ్యాహ్నము అతని చేతికి రెండు ఉక్కు పలకలు వచ్చినవి. అవి ఒక జిగ్గునకు పై పలక, క్రింది పలక. రెంటిని కలిపి బిగించి, రెండు మూలలందు 10 మిల్లీమీటర్ల డోవెల్ బెజ్జములు చేయవలెను. వేసిన పటములో కొలత ప్రక్కన 'హెచ్ 7' అని వ్రాసియున్నది. అనగా బెజ్జము 10 మిల్లీమీటర్లకు రవ్వంతయు తగ్గరాదు, పెరిగినచో 0.015 మిల్లీమీటరు వరకే పెరుగవచ్చును. మనిషి వెంట్రుక మందములో అది సుమారు అయిదవ వంతు.

కుర్రవాడు రెండు బెజ్జములను 9.7 డ్రిల్లుతో వేసెను. మొదటి దానిలో రీమరును నిలిపి, లంబముగ నున్నదా లేదా యని మూలమట్టముతో చూచి, నూనె వేసి, నెమ్మదిగా త్రిప్పెను. రజను సన్నని వెండిపొడి వలె పైకి వచ్చినది. బయటకు తీసి తుడిచి చూడగా లోపల అద్దమువలె మెరసినది. వెంటనే గేజీ పెట్టబోగా ఉస్తాదు వారించెను.

"తాళుము, బిడ్డా! జాబు ఇంకను వేడిగ నున్నది. గేజీ నీడన నున్నది. రెంటిని ఒకచోట పెట్టి, ఒక బీడీ కాల్చునంతసేపు ఆగి చూడుము."

లోకమంతట కొలతలకు 20 డిగ్రీల వేడిమి ప్రమాణము. శంకర్‌పల్లి రేకుల కప్పు క్రింద వేసవిలో అది దొరకదు. ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి మీటరునకు సుమారు 0.0115 మిల్లీమీటరు చొప్పున సాగును. ఐనను గేజీయు ఉక్కే, పలకయు ఉక్కే కనుక రెండును ఒకే వేడిమిలో నున్నచో రెండును సమానముగ సాగును, కొలత తప్పదు. ఒకటి వేడిగను, ఒకటి చల్లగను ఉన్నప్పుడే మోసము. అల్యూమినియము పలక యైనచో ఈ తంత్రము కూడ చాలదు. అది ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగును.

గేజీకి రెండు కొనలు గలవు. ఒకటి 'పోవు' కొన. అది బెజ్జములో దిగవలెను. రెండవది 'పోని' కొన; అది వాకిట నిలువవలెను. మొదటి బెజ్జమున రెండును ధర్మము తప్పలేదు.

రెండవ బెజ్జమున సగము లోతునకు పోయిన తరువాత రీమరు బిగిసినది. కుర్రవానికి ముందు వారము ట్యాపుతో మరలు కోసిన అలవాటు చేతిలో నుండెను. ట్యాపును అర చుట్టు ముందుకు త్రిప్పినచో కొంచెము వెనుకకు త్రిప్పి రజను విరువవలెను; అట్లు చేయనిచో ట్యాపే విరుగును. అతని చేతులు ఆలోచింపక అదే పని చేసినవి. రీమరు వెనుకకు కదలినది. లోన 'కిర్రు' మని సన్నని సవ్వడి వినబడినది. రీమరు విషయమున విధి దీనికి విరుద్ధము. వెనుకకు త్రిప్పినంతనే రజను అంచు వెన్నునకును గోడకును నడుమ చిక్కుకొని గోడను గీరును, అంచును మొక్కపోగొట్టును. లోనికి పోవునప్పుడే గాక బయటకు తీయునప్పుడును రీమరును ముందుకే త్రిప్పుచు తీయవలెను.

పని ముగించి చూడగా గోడపై రెండు గీతలు చుట్టు తిరిగి కనబడినవి. పలక చల్లారిన తరువాత గేజీని పెట్టెను. 'పోవు' కొన పోయినది. 'పోని' కొనను ఆనించగా అదియు కొంత దిగినది. కుర్రవాడు దానిని తీసి, తుడిచి, మరల పెట్టి చూచెను. మరల దిగినది.

ఉస్తాదు లేతు కడ తల వంచుకొని యుండెను. బల్లపై డోవెల్ చీలలు గలవు. కుర్రవాడొక చీలను తీసి మొదటి బెజ్జమున నిలిపెను. బొటనవ్రేలికి అది లొంగలేదు, చిన్న సుత్తితో మెల్లగ కొట్టవలసివచ్చెను. రెండవ చీలకు నూనె రాసి రెండవ బెజ్జమున నుంచి వ్రేలితో నొక్కెను. అది మాట్లాడక దిగిపోయినది. పైనుండి చూచినచో రెండు చీలలును ఒక్కతీరుననే ఉన్నవి. పలకలు కలిసిమెలిసి యున్నవి. పని ఇచ్చినవారు సాయంకాలము వచ్చి పలకలను తీసికొనిపోవుదురు. వారు దానిని ఎన్నడో ఒకనాడు విప్పి బిగించినపుడు పై పలక రవ్వంత జరుగును. ఆ జిగ్గుతో వేసిన ప్రతి బెజ్జమును అంతే జరుగును. వందలకొలది ముక్కలు ఎవరికో ఎచటనో కూర్పునకు రాక మిగులును. అప్పుడు ఎవరి చేయి తప్పినదో ఎవరికి తెలియును?

అతడు చాలసేపు ఆ చీలను వ్రేలితో పైకి తీయుచు, క్రిందికి దించుచు నిలుచుండెను. పిదప పలకలను ఎత్తుకొని లేతు కడకు పోయెను.

"ఉస్తాద్, రెండవది పెద్దదైనది."

ఉస్తాదు యంత్రము నాపి, సెల్ ఫోను దీపము వెలిగించి బెజ్జములోనికి చూచెను. "వెనుకకు త్రిప్పితివా?"

"త్రిప్పితిని. ట్యాపు అనుకొని చేయి పోయినది."

ఉస్తాదు రీమరును తెమ్మని, దాని అంచుల మీదుగా గోరును పోనిచ్చెను. ఒకచోట గోరు తగులుకొనెను. "దీని పని యైపోయినది" అని దానిని ప్రక్కన బెట్టి, కొంతసేపు మాటాడలేదు. రీమరు వెల అతని మనసులో మెదలియుండును. పిదప పటమును విప్పి, బెజ్జమునకును పలక అంచునకును నడుమ నెంత చోటున్నదో కొలిచెను. చోటు చాలునని తోచిన తరువాత పని ఇచ్చినవారికి ఫోను చేసెను.

"మీ జిగ్గులో ఒక డోవెల్ మావాని చేతిలో పాడైనది. మీరు ఒప్పుకొన్నచో రెండవ చీలను 12 చేయుదును. ఒప్పుకొననిచో పలకలు క్రొత్తవి వేయుదును. ఖర్చు నాదే, కాని రేపటికి గాని కాదు."

అవతలివారు ఏమనిరో కుర్రవానికి వినబడలేదు. ఉస్తాదు రెండుమారులు 'సరే' యని, ఫోను జేబులో వేసికొనెను. "12 చేయుమనిరి. పటముమీద దిద్ది సంతకము పెట్టి పంపుమనిరి. పలకలు మరల బిగించుము. మొదటి చీలను తీయకుము, అదియే మనకు ఆధారము. 11.7 డ్రిల్లు తెమ్ము, దాని అంచులు సమముగ నున్నవో లేవో ముందు నాకు చూపుము."

డ్రిల్లు వేసినది ఉస్తాదే. రీమరు మాత్రము కుర్రవాని చేతికే యిచ్చెను. నూనె డబ్బాను తాను పట్టుకొని నిలుచుండెను. కుర్రవాడు పిడిని రెండు చేతులతో పట్టి, సమముగ నొక్కుచు త్రిప్పసాగెను. నడుమ ఒకమారు బిగిసినది. అతని చేతులు ఆగినవి. ఉస్తాదు ఏమియు అనక నూనె పోసెను. చేతులు ముందుకే కదలినవి. రజను వచ్చినది. క్రింది పలక దాటిన పిమ్మట, ముందుకే త్రిప్పుచు మెల్లగ పైకి లాగెను.

వికారాబాదు వైపు పోవు రైలు కూత వేయుచు సాగిపోయెను. గేజీయు, పలకలును బల్లపై ప్రక్కప్రక్కన చల్లారుచుండెను. ఆ యెడమున కుర్రవాడు ఎర్రపెన్సిలుతో పటముమీది 10ని కొట్టివేసి 12 అని వ్రాసెను. ప్రక్కన తేదీ వేసెను. పిమ్మట గేజీని తీసికొనెను. 'పోవు' కొన తన బరువుతోనే దిగినది. రెండవ కొనను త్రిప్పి ఆనించెను. అది వాకిటనే నిలిచినది.